బెజవాడ, హైదరాబాద్, బెంగళూరు: పన్ను ఎక్కడ ఎక్కువ పడుతుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విజయవాడ పటమటలో అద్దెకుంటున్నారు, జీతం నెలకు లక్ష. హైదరాబాద్ నుంచి ఒకటి, బెంగళూరు నుంచి ఒకటి ఆఫర్లు వచ్చాయి, జీతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడేళ్ల కిందట కొన్న కారు ఉంది. నాన్నగారు గుంటూరు బ్రాడీపేటలోని పాత ఇల్లు అమ్మేసి, మీరు స్థిరపడే ఊళ్లోనే ఫ్లాట్ తీసుకుందామంటున్నారు. మీ స్నేహితుడేమో ఏదో పట్టిక చూపించి "తలసరి పన్ను ఆంధ్రాలోనే తక్కువరా, తెలంగాణ, కర్ణాటకల్లో ఎక్కువ, ఇక్కడే ఉండిపో" అన్నాడు. పెట్రోలు బంకు దగ్గర చూస్తే అంతా తలకిందులుగా ఉంది. ఏది నమ్మాలి?

పట్టిక తప్పు కాదు, కానీ అది మీ గురించి చెప్పే పట్టిక కాదు. తలసరి పన్ను అంటే రాష్ట్ర ఖజానాకు వచ్చిన మొత్తాన్ని జనాభాతో భాగించిన అంకె. హైదరాబాద్‌లో కోట్లు పెట్టి స్థలాలు కొనే కంపెనీలు కట్టే స్టాంపు డ్యూటీ, మద్యం మీద వచ్చే ఎక్సైజు, ఖరీదైన కార్ల లైఫ్ ట్యాక్సు (బండి రిజిస్ట్రేషన్‌కు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) అన్నీ కలిపి తెలంగాణలో ఉన్న ప్రతి మనిషి తల మీద సమానంగా పంచేస్తారు. మందు ముట్టని, స్థలం కొనని మనిషి కూడా అందులో "కట్టినట్టే" లెక్క. ఆ అంకె ఎక్కువగా ఉందంటే అక్కడ డబ్బు ఎక్కువ తిరుగుతోందని అర్థం. మీ జేబులోంచి ఎక్కువ పోతుందని కాదు.

గవర్నర్‌పేటలో చాలా ఏళ్లుగా జీతగాళ్లకు, చిన్న వ్యాపారులకు లెక్కలు చూస్తున్నాను. నేనైతే రాష్ట్రాన్ని, రేటును పక్కన పెట్టి, ఈ మనిషి ఏం కొంటాడు, ఎంత ధరకు కొంటాడు, ఎన్నిసార్లు ఊరు మారతాడు అని అడుగుతాను. రేట్లు పక్కపక్కన పెడితే తేడాలు చిన్నవే. ఆ రేటు ఎంత మొత్తం మీద పడుతుందన్నదే అసలు తేడా.

ముందు ఎక్కడికెళ్లినా మారనివి తీసేద్దాం. ఇన్‌కమ్ ట్యాక్స్ కేంద్రానిది, విజయవాడలో ఎంతో బెంగళూరులోనూ అంతే. జీఎస్టీ 2017 జూలై 1 నుంచి దేశమంతా ఒకటే రేటు. కాబట్టి సబ్బు, ఫోను, హోటల్ బిల్లు, ఇన్సూరెన్సు మీద ఏ ఊరైనా ఒకటే. అమెరికాలో ఉన్న మనవాళ్లు "టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు, న్యూజెర్సీలో ఉంది" అని మాట్లాడుకుంటుంటే మనకూ అలాగే ఉంటుందేమో అనిపిస్తుంది. అక్కడ రాష్ట్రాలు జీతం మీద సొంత ఆదాయపు పన్ను వేసుకోవచ్చు, ఇక్కడ ఆ అధికారం వ్యవసాయ ఆదాయం మీద తప్ప రాష్ట్రాలకు లేదు. పైగా టెక్సాస్‌లో ఇల్లు కొన్నవాణ్ణి ఇంటి పన్ను ఎంతో అడిగి చూడండి, జీతం మీద మిగిలింది ఎటు పోతోందో చెబుతాడు.

జీతం మీద రాష్ట్రం తీసుకునేది వృత్తి పన్ను ఒక్కటే. రాజ్యాంగంలోని 276వ అధికరణం ప్రకారం ఏడాదికి 2,500 దాటకూడదు. ఆంధ్రలో, తెలంగాణలో 20,000 దాటిన జీతానికి నెలకు 200. కర్ణాటకలో 25,000 దాటితే నెలకు 200, ఫిబ్రవరిలో 300. అంటే ఏడాదికి 100 రూపాయల తేడా. దీని గురించి ఇంతకంటే ఆలోచించకండి. పాత విధానంలో రిటర్ను వేస్తే ఇది ఆదాయంలోంచి తగ్గుతుంది, కొత్త విధానంలో తగ్గదు, అంతే.

ఇక పెట్రోలు. పెట్రోలు, డీజిలు జీఎస్టీలో లేవు కాబట్టి రాష్ట్రాల చేతిలో మిగిలిన పెద్ద ఆదాయ వనరుల్లో ఇదొకటి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, 31 శాతం, తెలంగాణలో 35.2 శాతం. అంకెలు చూస్తే తెలంగాణే ఎక్కువనిపిస్తుంది. కానీ మన దగ్గర ఆ 31 శాతం మీద లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉన్నాయి. రాష్ట్ర పన్ను పడకముందు లీటరు 80 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. విజయవాడలో 24.80, దానికి 5 కలిపితే 29.80. హైదరాబాద్‌లో 28.16. బెంగళూరులో 29.84 శాతం చొప్పున 23.87. చెన్నై కూడా చెప్పేస్తాను, అక్కడ 13 శాతం, పైన లీటరుకు 11.52 రూపాయలు, మొత్తం 21.92. 2025లో బంకుల్లో ఉన్న ధరలు కూడా దాదాపు ఇదే వరుసలో కనిపిస్తాయి: విజయవాడ 109 పైచిలుకు, హైదరాబాద్ 107 పైచిలుకు, బెంగళూరు 103 దగ్గర, చెన్నై 101 దగ్గర.

మీరు నెలకు 40 లీటర్లు పోయిస్తారనుకుంటే ఏడాదికి 480 లీటర్లు. హైదరాబాద్ వెళ్తే మిగిలేది సుమారు 790 రూపాయలు. బెంగళూరు వెళ్తే సుమారు 2,850. చెన్నై అయితే 3,780. అంటే పేపర్లలో, టీవీల్లో అంత గొడవ జరిగే ఆంధ్రా తెలంగాణ పెట్రోలు తేడా, మీ స్థాయి వాడకానికి ఏడాది మొత్తం మీద ఒక సినిమా, ఒక బిర్యానీ ఖర్చు. బెంగళూరు ట్రాఫిక్‌లో బండి ఎంత మైలేజీ ఇస్తుందో అది వేరే లెక్క, ఆ 2,850లో ఎంత మిగులుతుందో మీరే చూసుకోండి.

లారీ నడిపేవాళ్లకు మాత్రం ఇదే తేడా బతుకుతెరువు. ఆటోనగర్‌లో ఎవర్నైనా అడగండి, చెన్నై వైపు వెళ్లే బండికి ఇక్కడ సరిపడా మాత్రమే పోయించి, తడ దాటాక తమిళనాడులో ట్యాంకు నింపిస్తారు. కాకినాడ వాళ్లకు పక్కనే పుదుచ్చేరి పాలనలోని యానాం ఉన్నట్టు.

ఇందులో ఇంకో సంగతి గమనించండి. శాతం లెక్కన వేసే పన్ను, ముడి చమురు ధర పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. లీటరుకు ఇంత అని వేసింది తగ్గదు. తెలంగాణ మొత్తం శాతంలోనే తీసుకుంటుంది, మనవాళ్లు కొంత శాతంలో, కొంత రూపాయల్లో. పన్నుకు ముందు ధర 119 రూపాయలు దాటితే తప్ప హైదరాబాద్ పెట్రోలు మన పెట్రోలు కంటే ఖరీదు కాదు. 4.2 శాతం తేడా 5 రూపాయలతో సమానమయ్యేది అక్కడే.

కారు విషయానికి వస్తే లెక్క పెద్దదవుతుంది. లైఫ్ ట్యాక్స్ అసలు ధర మీద శ్లాబుల్లో పడుతుంది. 2025 లెక్కన 9 లక్షల కారుకు ఆంధ్రలో 14 శాతం, అంటే 1,26,000. తెలంగాణలోనూ అంతే. కర్ణాటకలో 14 శాతమే అంటారు కానీ ఆ పన్ను మీద మళ్లీ 11 శాతం సెస్సు ఉంది, కలిపితే దాదాపు 1,39,900. తమిళనాడులో 13 శాతం, 1,17,000. ఇక్కడ చాలామంది పట్టించుకోని చోటు 10 లక్షల గీత. ఆంధ్రలో 10 లక్షలు దాటితే 17 శాతం, అదీ దాటిన మొత్తం మీద కాదు, మొత్తం ధర మీద. 9,95,000 కారుకు పన్ను 1,39,300. 10,05,000 కారుకు 1,70,850. సన్‌రూఫ్ కోసం 10,000 ఎక్కువ పెట్టిన మనిషి పన్నులో 31,550 ఎక్కువ కడతాడు. షోరూంలో సేల్స్ కుర్రాడు ఇది చెప్పడు, ఆన్‌రోడ్ ధరలో కలిపేసి ఈఎంఐ మాట్లాడతాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడు కొన్ని మోడళ్లు 10 లక్షల గీత కిందికి దిగాయి, అలాంటివాటికి కేంద్రం తగ్గించిన దాంతోపాటు రాష్ట్ర లైఫ్ ట్యాక్సూ తగ్గినట్టయింది. కొత్తది కొనే ఆలోచన ఉంటే మీకు కావలసిన వేరియంట్ ఆ గీతకు ఏ వైపు ఉందో చూసుకోండి. ఎలక్ట్రిక్ కారైతే హైదరాబాద్ రిజిస్ట్రేషన్‌కు మంచి వెసులుబాటు ఉంది, తెలంగాణ 2024 నవంబరులో ఇచ్చిన పూర్తి రోడ్డు పన్ను మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు.

మీ పాత కారు సంగతి చివర చెబుతాను, అందులోనే మీకు నిజంగా నష్టం జరిగే అవకాశం ఉంది.

ఇప్పుడు ఫ్లాట్. రేట్లు మళ్లీ ఒకేలా కనిపిస్తాయి. ఆంధ్రలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. తెలంగాణలో 5.5, 1.5, 0.5, అదీ 7.5 శాతమే. కర్ణాటక చాలాకాలం 6.6 దగ్గర ఉండి, 2025 ఆగస్టు 31 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతం చేశాక 7.6కు చేరింది. తమిళనాడులో 7 శాతం స్టాంపు డ్యూటీ, 2 శాతం ఫీజు, మొత్తం 9. పెట్రోలు చవగ్గా ఇచ్చిన రాష్ట్రం ఇక్కడ వసూలు చేసుకుంటోంది. ఒక్కో పన్ను విడిగా తీసి "ఫలానా రాష్ట్రం తక్కువ" అంటే నేను ఒప్పుకోనిది ఇందుకే.

మూడు చోట్లా రేటు దాదాపు ఒకటే అయినా కట్టే సొమ్ము ఒకటి కాదు. మీకు కావలసిన మూడు పడకగదుల ఫ్లాట్ పోరంకిలో 70 లక్షలకు వస్తుందనుకుందాం, అలాంటిదే కొండాపూర్‌లో కోటీ 20 లక్షలనుకుందాం. 7.5 శాతం చొప్పున ఇక్కడ 5,25,000, అక్కడ 9,00,000. రేటులో తేడా సున్నా, జేబులోంచి పోయేదాంట్లో తేడా 3,75,000. పెట్రోలు మీద హైదరాబాద్‌లో మిగిలే 790 రూపాయలతో ఇది పూడాలంటే 470 ఏళ్లు పైనే పడుతుంది. జీతం రెండు చోట్లా ఒకటేనని మీరే అన్నారు కాబట్టి ఈ ఒక్క లెక్కే మిగతావన్నీ మింగేస్తుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పన్ను మీరిచ్చిన ధర మీద, ప్రభుత్వ మార్కెట్ విలువ మీద, ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. ఆంధ్రలో ఈ మార్కెట్ విలువలను 2025 ఫిబ్రవరి 1 నుంచి సవరించారు. కాబట్టి రేటు మారకపోయినా డ్యూటీ పెరగొచ్చు. కొనే ముందు ఆ డోర్ నంబరుకో, సర్వే నంబరుకో ఉన్న విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూసుకోవడం రెండు నిమిషాల పని. కట్టుబడి పూర్తికాని ఫ్లాట్ అయితే దాని మీద జీఎస్టీ అదనం, మామూలుగా 5 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు. ఇది ఏ రాష్ట్రమైనా ఒకటే.

నాన్నగారి ఇంటి విషయంలో మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అది ముఖ్యం. ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద పన్ను కేంద్రానిది, ఆ డబ్బుతో ఇంకో ఇల్లు కొంటే ఆ పన్నులో మినహాయింపు దొరుకుతుంది, గుంటూరులో అమ్మి బెంగళూరులో కొన్నా, ఉండవల్లిలో కొన్నా అది ఒకటే. కానీ అమ్మినవారి పేరునే కొత్త ఇల్లు ఉండాలి. ఆయన ఇల్లు అమ్మి, ఆ డబ్బు మీకిచ్చి, ఫ్లాట్ మీ ఒక్కరి పేరున రిజిస్టర్ చేయిస్తే మినహాయింపు దగ్గర తగాదా వస్తుంది. హోమ్ లోన్ కోసం మీ పేరు తప్పనిసరైతే, ఆయన పెట్టిన వాటా ఆయన పేరున ఉండేలా జాయింట్‌గా చేయించండి. రాష్ట్రాల తేడాలన్నీ కలిపినా రానంత నష్టం ఈ ఒక్క సంతకంతో రావచ్చు.

ఇంటి పన్నులో మాత్రం నిజంగానే పద్ధతులు వేరు, ఇక్కడ కాస్త ఆగుదాం. ఆంధ్రలో 2021 నుంచి మున్సిపాలిటీల్లో అద్దె విలువను వదిలేసి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు. అంటే స్థలం, కట్టడం కలిపి ప్రభుత్వ విలువ ఎంతో, దానిలో నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం. హైదరాబాద్‌లో ఇప్పటికీ అద్దె విలువ పద్ధతి. చదరపు అడుగుకు నెలకింత అని ఆ ప్రాంతానికి నిర్ణయించిన అద్దెను బట్టి వార్షిక విలువ కట్టి, దాని మీద శ్లాబును బట్టి 17 నుంచి 30 శాతం. 30 శాతం అని విని గుండె గుభేల్‌మనక్కర్లేదు, ఆ అద్దె అంకెలు ఎప్పుడో నిర్ణయించినవి, ఈనాటి అద్దెల పక్కన అవి చాలా చిన్నవి. మన 0.10 శాతం మాత్రం ఎప్పటికప్పుడు సవరించే విలువ మీద పడుతుంది. ఏది బరువో రేటు చూసి చెప్పలేం, డిమాండ్ నోటీసు చూడాల్సిందే.

మన పద్ధతిలో ఉన్న రక్షణ ఏమిటంటే, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితి. అది రక్షణే కానీ పూర్తిది కాదు. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే 5,000 ఉన్న పన్ను ఐదేళ్లలో 10,000 దాటుతుంది. బ్రాడీపేట ఇల్లు అమ్మకుండా ఉంచుకుంటే ఇది లెక్కలో పెట్టుకోండి. పాత ఇళ్లకు స్థలం ఎక్కువ, గుంటూరు నడిబొడ్డున స్థలం విలువ ఎక్కువ, మూలధన విలువ పద్ధతిలో అలాంటి ఇళ్లకే ఎక్కువ తగులుతుంది.

ఇంకొకటి, విజయవాడలోనే ఎటువైపు కొంటారన్నది విజయవాడా, హైదరాబాదా అన్నంత తేడా తెస్తుంది. మొగల్రాజపురం కార్పొరేషన్. కానూరు, పోరంకి తాడిగడప మున్సిపాలిటీ కింద ఉన్నాయి. రామవరప్పాడు రింగు దాటి ఏలూరు రోడ్డు వైపు వెళ్తే పంచాయతీ. అక్కడ ఇంటి పన్ను తక్కువ, కానీ డ్రైనేజీ, నీళ్లు మీ అపార్టుమెంటు వాళ్లే చూసుకోవాలి. ఎండాకాలం ట్యాంకరు నీళ్లకు అసోసియేషన్ వసూలు చేసే డబ్బు పన్ను కాదు కాబట్టి ఏ పట్టికలోనూ కనిపించదు. గ్రేటర్ విజయవాడ అంటూ విలీనం మాట ఎప్పటికప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అది జరిగితే పంచాయతీ పన్ను చూసి కొన్నవాళ్లకు నోటీసు మారుతుంది.

ఏ ఊళ్లో ఉన్నా ఏప్రిల్ 30లోపు ఏడాది మొత్తం కట్టేయండి. విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు మూడింటిలోనూ 5 శాతం రాయితీ ఇవ్వడం అలవాటే. ఆలస్యమైతే మన దగ్గర నెలకు 2 శాతం వడ్డీ, బ్యాంకు లోను కంటే ఘోరం.

పన్ను అని పేరు లేకుండా పోయేవి కొన్ని. కరెంటు మీద మన దగ్గర ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలే సుంకం, కర్ణాటకలో బిల్లు మీద 9 శాతం. చెత్త పన్నని విజయవాడలో ఇంటింటికీ వసూలు చేసింది 2024 చివరితో రద్దయింది. గుంటూరులో ఉండి విజయవాడకు రోజూ కారులో వచ్చేవాళ్లకు కాజ టోల్ ఉంది. పన్నులన్నీ కలిపి చూసే లెక్కలో అది రాదు గానీ, మీరు గుంటూరు ఇంట్లోనే ఉండి ఇక్కడ పని చేద్దామనుకుంటే అది పెట్రోలు తేడా కంటే పెద్దది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన వార్షిక పాస్‌తో 200 సార్లు దాటొచ్చు, రోజూ తిరిగేవారికి అదీ కొన్ని నెలలే. హైదరాబాద్‌లో కుళాయికి మీటరు ఉంటే నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితం. ఆడవాళ్లకు ఉచిత బస్సు మూడు రాష్ట్రాల్లోనూ వచ్చేసింది కాబట్టి అది ఎటూ తూగదు.

కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు: పన్ను కోసం ఊరు మారక్కర్లేదు, పన్నుకు భయపడి ఆగనూ అక్కర్లేదు. పాత కారు సంగతి పక్కన పెడితే, అద్దెకే ఉంటే మూడు ఊళ్ల మధ్య తేడా ఏడాదికి మూడు, నాలుగు వేలు మించదు, దానికంటే అద్దెలో తేడా ఒక్క నెలలోనే ఎక్కువ. ఫ్లాట్ కొంటే మాత్రం ధర తక్కువ ఉన్న ఊళ్లోనే పన్నూ తక్కువ. నా అభిప్రాయం అడిగితే, ఉద్యోగంలో కుదురుకునేవరకు రెండేళ్లు అద్దెకు ఉండి చూడండి, రెండుసార్లు రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకోవడం కంటే అది నయం. అయితే నాన్నగారు ఈలోగా ఇల్లు అమ్మేస్తే ఆ మినహాయింపుకు గడువులున్నాయి, కొనడానికి అమ్మిన తేదీ నుంచి రెండేళ్లే. కాబట్టి మీరు ఊరు తేల్చుకునేవరకు ఆయన్ను కూడా ఆగమనండి.

ఇక పాత కారు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అక్కడి లైఫ్ ట్యాక్స్ బండి వయసును బట్టి కట్టాలి. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, కానీ ముందు అక్కడ కట్టి, ఆ రశీదుతో ఇక్కడ దరఖాస్తు పెట్టుకుని, ఎదురుచూడాలి. బెంగళూరులో బయటి నంబరు ప్లేట్లను ఆపి అడగడం మామూలే. కాబట్టి వెళ్లేది ఖాయమైతే ఇక్కడి ఆర్టీఏ (రవాణా శాఖ ఆఫీసు) నుంచి ఎన్‌ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, ముందే తీసుకోండి. లోను ఉంటే బ్యాంకు లేఖ కూడా కావాలి, అది మీరు ఊళ్లో ఉండగా తెచ్చుకోవడం తేలిక. ఊరు మారిన రోజు ఏదో ఒక ఆధారం దాచిపెట్టుకోండి, అద్దె అగ్రిమెంటు కానీ, ఆఫీసు జాయినింగ్ లెటర్ కానీ, 12 నెలలు ఎప్పటి నుంచి లెక్క అని అడిగితే చూపించడానికి. కొత్త కంపెనీకి నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులుంటే బీహెచ్ సిరీస్‌కు, అంటే ఏ రాష్ట్రంలోనైనా చెల్లే నంబరుకు, మీరు అర్హులు కావచ్చు. అందులో పన్ను రెండేళ్లకోసారి కడతారు, ఊరు మారినప్పుడల్లా కొత్త నంబరు గొడవ ఉండదు. మీ హెచ్‌ఆర్‌ను ఫారం 60 (దీనికోసం కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువపత్రం) ఇస్తారా అని ఆఫర్‌కు సరే అనే ముందే అడగండి. వాళ్లు ఇచ్చేది లేదంటే, కారు అమ్మేసి వెళ్తే ఎంత, తీసుకెళ్తే ఎంత అని లెక్క వేద్దాం. కారు మోడలు, కొన్న నెల, ఇన్వాయిస్ ధర ఇక్కడే రాయండి.